జార్జియా దేశంలో సరోగసీ ద్వారా, అంటే వేరొకావిడ (సరోగేట్) మా బిడ్డని మోసి కనేలా, బిడ్డని కనాలనుకుంటున్నాం. అక్కడి బర్త్ సర్టిఫికెట్‌లో మా ఇద్దరి పేర్లూ ఉంటాయట. యూకేలో అది సరిపోతుందా?

సరిపోదండీ. మాకూ ఏజెన్సీ వాళ్ళు ఇదే చెప్పారు: సర్టిఫికెట్‌లో అమ్మానాన్నలుగా మీ పేర్లే, సరోగేట్ పేరే కనబడదు, ఇంకేం కావాలి అని. జార్జియా చట్టం వరకు అది నిజమే. కానీ మీరు కాపురముండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడి 2008 చట్టం ప్రకారం బిడ్డ ఏ దేశంలో పుట్టినా, నవమాసాలు మోసి కన్నావిడే తల్లి. మా పాపకి అండం నాదే. అయినా అది పుట్టిన రోజున ఇక్కడి లెక్కలో నేను దానికి ఏమీ కాను.

ముందుగా, సరోగేట్‌కి పెళ్ళయిందో లేదో కనుక్కోండి. పెళ్ళయి ఉంటే మామూలుగా ఆవిడ భర్తే చట్టం దృష్టిలో తండ్రి. అప్పుడు మీవారు బ్రిటిష్ పౌరుడైనా బిడ్డకి పౌరసత్వం దానంతటది రాదు, హోం ఆఫీసుకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. మా సరోగేట్ విడాకులైన మనిషి కాబట్టి ఆ చిక్కు తప్పింది. అయినా పాస్‌పోర్ట్ కోసం టిబిలిసిలో మూడు నెలల పైనే ఉన్నాను.

ఇక అసలు పని పేరెంటల్ ఆర్డర్, అంటే బిడ్డకి చట్టప్రకారం తల్లిదండ్రులు మీరేనని ఇక్కడి కోర్టు ఇచ్చే ఉత్తర్వు. బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు కోర్టులో వేయాలి. సరోగేట్ ఒప్పుకుంటూ సంతకం చేయాలి, అయితే కాన్పయిన ఆరు వారాల్లోపు చేసిన సంతకం చెల్లదు. మేం దెబ్బతిన్నది ఇక్కడే. ఏజెన్సీ వాళ్ళు ఆసుపత్రిలోనే సంతకం తీసేసుకుని పనైపోయిందన్నారు. అది పనికిరాదని తెలిసేసరికి ఆవిడ ఊరెళ్ళిపోయింది, ఫోన్ నంబరూ మారింది. అనువాదకుణ్ణి పెట్టుకుని, నోటరీ ముందు మళ్ళీ సంతకం చేయించేసరికి అయిదో నెల వచ్చింది. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

మనవాళ్ళు ఎవరూ ఊహించని మెలిక ఇంకొకటుంది: డొమిసైల్, అంటే చట్టం దృష్టిలో మీ శాశ్వత నివాసం ఏ దేశమన్నది. ఇద్దరిలో ఒకరికైనా యూకే డొమిసైల్ ఉండాలి. ఇక్కడ ఎన్నేళ్ళున్నారు, ఇల్లు కొన్నారా, పాస్‌పోర్ట్ ఏ రంగుది అన్నవి ఒక్కటీ చాలవు. ఇక్కడే స్థిరంగా ఉండిపోయే ఉద్దేశం ఉందా అన్నది ముఖ్యం. లాయర్ మావారిని "రిటైరయ్యాక ఎక్కడుంటారు?" అని అడిగితే, ఈయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "బాపట్ల" అన్నారు. ఆవిడ రాయడం ఆపేసి తలెత్తి చూసింది. పదిహేనేళ్ళుగా ఇక్కడున్న మనిషి! చివరికి డొమిసైల్ నా పేరు మీదే చూపించాం. మా అమ్మానాన్నలు లేరు, అక్కయ్య ఇక్కడే ఉంటుంది, నాకు వెనక్కి వెళ్ళే ఆలోచన నిజంగానే లేదు. అదే అఫిడవిట్‌లో రాశాను.

డబ్బు సంగతికొస్తే, సరోగేట్‌కి న్యాయమైన ఖర్చులకి మించి ఇచ్చి ఉంటే దానికి జడ్జి ఆమోదం కావాలి. మాకు ఇచ్చారు. బిడ్డ క్షేమమే వాళ్ళకి ముందు. కానీ రసీదులన్నీ దాచిపెట్టుకోండి. కాఫ్‌కాస్ (పిల్లల క్షేమం గురించి కోర్టుకి నివేదిక ఇచ్చే సంస్థ) నుంచి ఒకావిడ ఇంటికొచ్చి చూసి వెళ్ళింది, భయపడాల్సిందేమీ లేదు. ఆర్డర్ చేతికొచ్చేసరికి పాప నడుస్తోంది.

మీరు ఐఎల్ఆర్ (గడువు లేకుండా యూకేలో ఉండే అనుమతి) మీద ఉన్నారా, పౌరసత్వం వచ్చిందా అన్నది ప్రశ్నలో రాయలేదు. సరోగేట్‌ని ఖాయం చేసుకోకముందే ఆ కాగితాలు పట్టుకుని ఇక్కడి లాయర్‌ని కలవండి. మేం పాప పుట్టాక కలిశాం.