పుకార్ల వెనుక గాట్స్‌బీ

ప్రశ్న: స్కాట్ ఫిట్జ్‌గెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మాకు ఎం.ఏ.లో పాఠ్యం. గాట్స్‌బీ మద్యనిషేధ కాలంలో దొంగసారా అమ్మి డబ్బు గడించినవాడు, పేరు మార్చుకున్నవాడు, తన గతం గురించి అబద్ధాలు చెప్పినవాడు. అయినా చదివేకొద్దీ అతనిపై గౌరవం పెరిగింది. ఇది రచయిత చేసిన గారడీయా, లేక పాత్రలో నిజంగా గౌరవించదగినది ఉందా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కొంత గారడీ ఉన్నమాట నిజమే. గాట్స్‌బీ మూడో అధ్యాయం దాకా మనతో మాట్లాడడు. ఈలోగా అతని విందు తింటున్న అతిథులే, అతడు ఎవరినో చంపాడనీ, యుద్ధంలో జర్మన్ గూఢచారి అనీ చెవులు కొరుక్కుంటారు. పాత్ర మరీ అస్పష్టంగా ఉందని సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్ చెప్పినప్పుడు, ఫిట్జ్‌గెరాల్డ్ అతని గతాన్ని ఒక్కచోట గుమ్మరించకుండా కథలో అక్కడక్కడా అందేలా తిరగరాశాడు. 1925లో అచ్చయినది ఆ రూపమే.

అయితే గుట్టు విప్పాక ఇలాంటి పాత్రలు సాధారణంగా చిన్నబోతాయి. గాట్స్‌బీ విషయంలో అలా జరగలేదు. పుకార్ల వెనుక ఉన్నవాడు నార్త్ డకోటాలో ఒక పేద రైతు కొడుకు, జేమ్స్ గాట్జ్. అతడు చనిపోయాక తండ్రి తెచ్చి చూపించే పాత కథల పుస్తకంలో, వెనుక అట్ట లోపల, 1906 సెప్టెంబరు 12 తేదీతో కుర్రవాడు రాసుకున్న దినచర్య ఉంటుంది: ఉదయం 6 గంటలకు లేవడం, విద్యుత్తు గురించి చదవడం, చక్కగా మాట్లాడడం సాధన చేయడం, తల్లిదండ్రులతో మెరుగ్గా నడుచుకోవడం. వారానికి 5 డాలర్లు దాచాలని రాసి, దాన్ని కొట్టేసి 3 అని దిద్దుకున్నాడు. నేను ఆ కొట్టివేత దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఆశకు హద్దులేనివాడిగా మనం చూసే మనిషి, ఒకప్పుడు తన చేతికి ఎంత అందుతుందో నిజాయితీగా లెక్క చూసుకున్నాడు.

గౌరవించదగిన రెండో సంగతి, గాట్స్‌బీ ప్రేమించిన డెయిజీ నడిపిన కారు కింద, ఆమె భర్త టామ్ ప్రియురాలు మర్టిల్ మరణించిన రాత్రిది. నడిపింది తానేనని చెప్పడానికి గాట్స్‌బీ ఎవరూ అడగకముందే సిద్ధపడ్డాడు. టామ్ డెయిజీని ఏమైనా చేస్తాడేమోనని వాళ్ల ఇంటి బయట కాపలా నిలబడ్డాడు. లోపల ఆ దంపతులు వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఏదో ఒప్పందానికి వచ్చినవాళ్లలా మాట్లాడుకుంటున్నారు. అతని త్యాగం అక్కర లేనివాళ్ల కోసం చేసినదే కావచ్చు, కానీ అందులో అబద్ధం లేదు.

మీ సందిగ్ధం కథకుడు నిక్‌ది కూడా. గాట్స్‌బీ జీవనరీతిని తాను తిరస్కరిస్తానని మొదట్లోనే చెప్పినవాడే, చివరిసారి విడిపోయేటప్పుడు, డెయిజీ, టామ్ లాంటివాళ్లందరినీ కలిపినా నీకు సాటిరారని అతనితో అంటాడు. తాను చేసిన ఏకైక ప్రశంస అదేననీ, మొదటి నుంచి చివరి దాకా అతని తీరు తనకు నచ్చలేదనీ వెంటనే చేర్చుతాడు. కాబట్టి గౌరవించడానికి అతని నేరాలను మాఫీ చేయనవసరం లేదు.

ఒక్కచోట మాత్రం నేను గాట్స్‌బీ పక్షాన నిలబడలేను. ప్లాజా హోటల్ గదిలో, టామ్‌ను తానెన్నడూ ప్రేమించలేదని డెయిజీ చేత చెప్పించాలని అతడు పట్టుబడతాడు. ఆమె గడిపిన మూడేళ్ల కాపురాన్ని, కన్న కూతురితో సహా, లేనట్టుగా తుడిచేయమనడమే అది. ఇద్దరినీ ప్రేమించానని ఆమె ఏడుస్తూ చెప్పినప్పుడు నా సానుభూతి పూర్తిగా ఆమె వైపే.