రెండో కాన్పుకూ ఇలాగే అవుతుందా అన్నారు కదా

మీ వదినగారికి ఐదో నెల అన్నారు. మొదటి బాబు ఎడమ మోచేతి కింద చెయ్యి లేకుండా పుట్టాడని, గూడెంలో అందరూ గ్రహణం వల్లే అంటున్నారని రాశారు. ముందు ఆవిడకు చెప్పండి: ఇది ఆవిడ తప్పు కాదు, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. చేతులు, కాళ్లు గర్భం మొదటి రెండు నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి. ఒక్క చెయ్యి మాత్రమే ఇలా ఉండి, మరే లోపమూ లేకపోతే, ఎక్కువసార్లు అది వంశపారంపర్యం కాదు. మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. అయినా బాబును పిల్లల డాక్టరుకు చూపించి ఆ మాట ఖాయం చేసుకోండి.

కడుపులో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్‌కు 18 నుంచి 22 వారాల మధ్య సరైన సమయం, అంటే ఇప్పుడే. ఆలస్యం చేయకండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆశా కార్యకర్తతో కలిసి ఆ రోజు వెళ్లి, మొదటి బాబు సంగతి తప్పకుండా చెప్పి, టిఫా ఎక్కడ చేస్తారో రాయించుకోండి. ఆవిడ ఫిట్స్‌కు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. ఆ మందులు సొంతంగా మాత్రం ఆపకూడదు.

ఇక బాబు గురించి. వాడినీ మర్చిపోవద్దు, నాకు అదే ఎక్కువ టెన్షన్. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు ఉంటాయి. అంగన్‌వాడీకి వచ్చే ఆ పథకం వైద్య బృందానికి చూపిస్తే జిల్లాలోని పిల్లల చికిత్సా కేంద్రానికి పంపుతారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కూడా ఇప్పుడే అడగండి.