సాఫ్ట్ హ్యాకిల్ ఫ్లై కడితే బ్రష్‌లా వస్తోందా? నాకూ ఏడాదంతా అలాగే వచ్చింది

ఫ్లై అంటే గాలానికి (హుక్‌కు) దారం, ఈక చుట్టి పురుగులా కనిపించేలా చేసే ఎర, అందులో మెత్తటి ఈక చుట్టేది సాఫ్ట్ హ్యాకిల్. మీరు అడిగినవి మూడు. పార్ట్రిడ్జ్ పక్షి ఈక, నారింజ పట్టుదారంతో చేసే పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ ఫ్లై కడుతుంటే ఈక గుబురుగా వచ్చి గిన్నెలు తోమే బ్రష్‌లా ఎందుకు తయారవుతోంది? పట్టుదారం బదులు మామూలు దారం వాడొచ్చా? ఊళ్లో కౌజు పిట్టలున్నాయి కదా, వాటి ఈకలు తెప్పించుకుంటే పనికొస్తాయా? మొదటి రెండు తప్పులూ నేను చేసినవే. మూడోది చేయబోయి ఆగాను.

నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాను. పుట్టింది రాజమండ్రి పక్కన. చిన్నప్పుడు చేపలు పట్టడమంటే అరటిచెట్ల కింద ఎర్రలు తవ్వి, కొబ్బరి చిప్పలో మట్టితో సహా వేసుకుని, తాతయ్య వెనకాల గట్టుకు పోయి కూర్చోవడమే. కాస్త దారమూ కాస్త ఈకా చూసి చేప మోసపోతుందంటే మొదట నవ్వొచ్చింది. ఇక్కడికి దగ్గర్లో వార్ఫ్ అనే నది ఉంది. మార్చి 25 నుంచి సెప్టెంబర్ 30 దాకా అందులో బ్రౌన్ ట్రౌట్ అనే చేపల్ని పట్టుకోవచ్చు. మొదటి ఏడాది ఆ సీజనంతా నేను కట్టిన ఫ్లైలతో పట్టినవి రెండే రెండు చేపలు. అందులో ఒకటి నా అరచేతి కన్నా చిన్నది.

ఒకరోజు ఆ నది మీదున్న బర్న్‌సాల్ వంతెన దగ్గర ఒక పెద్దాయన నా ఫ్లై పెట్టె అడిగి చూశారు. ఏమీ అనలేదు. ఫ్లాస్క్ మూతలో నీళ్లు పోసి, నా ఫ్లై ఒకటి, ఆయనది ఒకటి అందులో వేసి కదిపారు. నాది తడిసిన పిల్లిపిల్లలా ముద్దగా ఒకచోటే ఉండిపోయింది. ఆయన ఫ్లైకి మొత్తం కలిపి పది పన్నెండు ఈకపోచలున్నాయేమో, అవి నీళ్లు కదిలినప్పుడల్లా విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటున్నాయి. పురుగు కాళ్లాడించినట్టే ఉంది. పోచలు ఎక్కువైతే ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుపోతాయి, వాటి మధ్య నీళ్లు దూరవు. విషయమంతా అంతే.

ఇక మీ గుబురు సంగతి. పార్ట్రిడ్జ్ ఈకలు మెడ, వీపు మీద ఉండే చిన్నవే తీసుకోండి, గోధుమ రంగులో సన్నటి చారలుంటాయి. పోచ పొడవు హుక్ వంపు దాకా వస్తే చాలు. ఈక మొదట్లో ఉన్న మెత్తటి నూగంతా పీకేయండి. తర్వాత కొస దగ్గర పట్టుకుని, మిగతా పోచల్ని వేళ్లు తడి చేసుకుని వెనక్కి దువ్వండి. ఇప్పుడు వీడియోల్లో చాలామంది చూపించని పని ఒకటుంది: ఈనెకు ఒకవైపున్న పోచలన్నీ పీకేయండి. మొదటిసారి చేస్తుంటే ఈక పాడుచేస్తున్నట్టు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా పీకేయండి. అప్పుడు రెండు చుట్లు తిప్పినా పల్చగానే ఉంటుంది. నేను కొస వైపు నుంచే కడతాను, అక్కడ ఈనె సన్నగా ఉండి మెలిక తిరగకుండా చుట్టుకుంటుంది.

14వ నంబరు హుక్ తీసుకోండి. దారానికి తేనెమైనం రాసి, హుక్ కన్ను వెనకాల మొదలుపెట్టి, ఈక కొసను అక్కడే కట్టేయండి. ఈక ముందుకు, కన్ను మీదుగా బయటికి చూస్తూ ఉండాలి. తర్వాత దారాన్ని చుట్టు పక్కన చుట్టు ఆనించుకుంటూ కిందికి, హుక్ మొనకు సరిగ్గా పైన ఉండే చోటు దాకా తీసుకెళ్లి, అలాగే వెనక్కి తెచ్చేయండి. వంపు దాకా పోవద్దు, ఒళ్లు పొట్టిగా ఉంటేనే అందం. ఈక రెండు చుట్లు, దాని మధ్యలోంచి దారం ఒక్కసారి ముందుకు, నాలుగు చుట్ల ముడి, కత్తెర. తల ఆవగింజ కన్నా పెద్దదైతే విప్పేసి మళ్లీ కట్టడమే.

దారం విషయంలో మాత్రం రాజీ పడకండి. నేను పిసినారితనానికి పోయి, ఇండియా వెళ్లినప్పుడు మగ్గం వర్క్ సామాన్లమ్మే కొట్లో ‘సిల్క్ థ్రెడ్’ అని రాసున్న నారింజ రంగు రీళ్లు ఆరు తెచ్చుకున్నాను. రంగు బ్రహ్మాండం. నీళ్లలో వేసినా అదే రంగు, ట్రాఫిక్ సిగ్నల్‌లా వెలిగిపోతోంది. తర్వాత కొస కాల్చి చూస్తే ముద్దగా కరిగి గట్టి ఉండ కట్టింది. పాలియెస్టర్! అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, చిదిపితే బూడిదవుతుంది. అసలు పట్టు తడిస్తే లోపలున్న హుక్ ఇనుప నలుపు కాస్త బయటికి కనిపించి, నారింజ రంగు చిక్కబడి దాదాపు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కోసమే ఈ ఫ్లై. 1885లో టి.ఇ. ప్రిట్ అనే ఆయన ఈ యార్క్‌షైర్ ప్రాంతపు ఫ్లైలెన్నో ఒక పుస్తకంలో చేర్చాడు, అందులోనూ వీటికి పట్టుదారమే. ఆ రీళ్లు మా ఆవిడ జాకెట్టు కుచ్చులకు వాడేసింది, కాబట్టి నష్టమేం లేదు.

బంగారు రంగు పూస తగిలిస్తే బాగా మునుగుతుందని ఎవరైనా చెబితే వినకండి, కనీసం మొదట్లో. ఇది లోతుకు పోవాల్సిన ఫ్లై కాదు. నీటి పైపొర కింద జానెడు లోతులో కొట్టుకుపోతే చాలు. ప్రవాహానికి ఎగువకు ఏటవాలుగా విసిరి, లాగకుండా వదిలేయండి. అది మీ ముందు నుంచి దాటిపోయి గాలపు తాడు బిగుసుకునే క్షణంలో ఫ్లై పైకి లేస్తుంది, నాకు ఎక్కువ చేపలు తగిలింది అక్కడే.

ఇక కౌజు ఈకలు. వద్దండీ. మన కౌజు, ఇక్కడి గ్రే పార్ట్రిడ్జ్ వేర్వేరు జాతులు. అదీగాక కౌజును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పార్సిల్ పంపమని ఊళ్లో వాళ్లను ఇరికించకండి. ఫ్లై సామాన్ల కొట్లో ఒక్క పార్ట్రిడ్జ్ చర్మం కొనుక్కోండి, వందల ఫ్లైలు వస్తాయి. నాది ఆరేళ్లుగా నడుస్తోంది. కాకపోతే జిప్ ఉన్న కవర్లో గట్టిగా మూసి పెట్టండి. మొదటిదాన్ని బీరువాలో ఊరికే పడేస్తే పురుగు పట్టి, ఈకలన్నీ ఈనెలై మిగిలాయి.