‘కల్ట్’కు ‘పాషండం’ సరిపోతుందా?

సందేహం: ఒక గురువు మాట మీద శిష్యులు సామూహికంగా ప్రాణాలు విడిచిన ఉదంతాన్ని అనువదిస్తూ ‘కల్ట్’ అన్నచోట ‘పాషండ మతం’ అని రాశాను. సంపాదకులు దాన్ని కొట్టివేసి ‘ఆరాధనా సంప్రదాయం’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: ఈ సందర్భానికి రెండూ ఒప్పవు. అయితే ఆ రెండు మాటలూ ఊరికే పుట్టుకొచ్చినవి కావు.

సంపాదకుల దిద్దుబాటుకు ఆధారం ‘కల్ట్’ పాత అర్థం. లాటిన్‌లో ‘కల్టస్’ అంటే సేద్యం, పోషణ, దైవారాధన. ‘కల్చర్’, ‘అగ్రికల్చర్’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చాయి. చరిత్రకారులు జగన్నాథ కల్ట్ అన్నప్పుడు అందులో నింద లేశమైనా ఉండదు కాబట్టి అక్కడ ‘ఆరాధనా సంప్రదాయం’ చక్కగా అమరుతుంది. శైవం, శాక్తం, సౌరం మొదలైన షణ్మతాలలోని ‘మతం’ కూడా ఇంచుమించు ఈ అర్థమే ఇస్తుంది.

మీరు వాడిన ‘పాషండం’ కథ ఇంకా రసవత్తరమైనది. అశోకుని పన్నెండవ శిలాశాసనం, గుజరాత్‌లోని గిర్నార్‌లో చెక్కిన పాఠంలో, రాజు ‘సవ పాసండాని’ పూజిస్తాడని, అంటే అన్ని మతవర్గాలనూ గౌరవిస్తాడని చెబుతుంది. అదే శాసనంలో ‘ఆత్పపాసండ’ అన్న ప్రయోగం, అంటే ‘తన పాషండం’ అన్నది, కనిపిస్తుంది. ఎవరూ తమను తాము తిట్టుకోరు కదా, అప్పటికి అది తిట్టు కాదన్నమాట. మనుస్మృతి నాలుగవ అధ్యాయానికి వచ్చేసరికి పాషండులను ‘వాఙ్మాత్రేణాపి నార్చయేత్’, మాటతోనైనా ఆదరించరాదు, అన్న నిషేధం వచ్చింది. ఒకచోట పూజ, మరొకచోట పలకరింపు కూడా కూడదు! తెలుగులోకి దిగివచ్చింది ఈ రెండవ అర్థమే: పాషండుడంటే వేదబాహ్యుడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాషండుడి మీద మోపే నేరం అతని విశ్వాసం శాస్త్రాన్ని దాటిందని. నేటి ‘కల్ట్’ మీది ఆరోపణ విశ్వాసం గురించి కాదు, అనుచరుల ఆలోచనను, ఆస్తిని, రాకపోకలను ఒక నాయకుడు తన గుప్పిట్లో పెట్టుకున్నాడని. 1978 నవంబరులో గయానాలోని జోన్స్‌టౌన్‌లో మతగురువు జిమ్ జోన్స్ అనుచరులు తొమ్మిది వందల మందికి పైగా మరణించడం, 1995 మార్చిలో ఓమ్ షిన్‌రిక్యో అనే జపాన్ మతబృందం సభ్యులు టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదలడం వంటి ఘటనలతో ఈ నిందార్థం లోకంలో గట్టిపడింది. తూకం తప్పకూడదని సమాజశాస్త్రజ్ఞులు చాలామంది ‘నూతన మతోద్యమం’ అంటారు కానీ, ఇలాంటి ఉదంతానికి అది మరీ మెత్తని మాట.

కొందరు రాసే ‘తెగ’ గిరిజన సమూహాలకు స్థిరపడిపోయింది కనుక దాని జోలికి పోవద్దు. రాజకీయ నాయకుల విషయంలో ‘వ్యక్తిపూజ’ ఉండనే ఉంది. ‘కల్ట్ సినిమా’ను మాత్రం అలాగే వదిలేయడం మేలు, అక్కడ అది మెప్పు, అనువదిస్తే అభిమానులే నొచ్చుకుంటారు.

మీ వాక్యంలో మొదటిసారి ‘ఒకే గురువుకు వశమైన మూఢభక్త బృందం’ అని విప్పి చెప్పి, ఆపైన ‘ఆ బృందం’ అంటే చాలు. పత్రికా పాఠకుల కోసమైతే ‘కల్ట్’నే ఉంచి, పక్కన ఈ వివరణ ఒక్కసారి చేర్చినా నాకు అభ్యంతరం లేదు.