జోస్యానికి వాడే టారో కార్డులు యూదుల నుంచి వచ్చాయా?

రాలేదు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. దాని 22 బొమ్మల ముక్కలకూ 22 హీబ్రూ అక్షరాలకూ ముడిపెట్టింది 1781లో, అదీ ఫ్రాన్సులో.

1909 నాటి రైడర్-వెయిట్ అనే ప్రసిద్ధ టారో కట్టలో మాత్రం యూదు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ‘హై ప్రీస్టెస్’ ముక్కలోని స్త్రీ ఒళ్లో తోరా (యూదుల ధర్మశాస్త్రం) చుట్ట. అటూ ఇటూ బి, జె అక్షరాల స్తంభాలు, అంటే సొలొమోను మందిరపు బోయజు, యాకీను. ఆమె ఛాతీ మీద శిలువ కూడా ఉంది మరి! ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ చక్రం మీద దేవుడి పేరులోని నాలుగు హీబ్రూ అక్షరాలు. ‘టెన్ ఆఫ్ పెంటకిల్స్’లో నాణేలు కబాలా (యూదు మార్మిక విద్య) వాళ్ల ‘జీవవృక్షం’ అనే పటం ఆకారంలో పేర్చి ఉంటాయి.

ఏ ముక్కకి ఏ హీబ్రూ అక్షరమో చెప్పే పట్టికలు రెండున్నాయి, కలిపేయకండి. ఫ్రెంచి మార్మిక రచయిత ఎలిఫాస్ లెవీ మొదటి అక్షరం ఆలెఫ్‌ని ‘మెజీషియన్’కి ఇస్తే, గోల్డెన్ డాన్ అనే బ్రిటిష్ మార్మిక సంఘం వాళ్లు ‘ఫూల్’కి ఇచ్చారు. దాంతో ‘వరల్డ్’ తప్ప అన్ని ముక్కల అక్షరాలూ మారిపోయాయి.