పేరు రాయొద్దన్నారు సరే, రాసింది ఎవరో తెలియకుండా ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: మీ ప్రైవేట్ స్కూల్లో 31 మంది స్టాఫ్. "పేరు అక్కర్లేదు, మనసులో ఉన్నది రాయండి" అని గూగుల్ ఫామ్ పంపారు. కానీ మొదటి పేజీలోనే సబ్జెక్టు, సర్వీసు, చెప్పే తరగతులు అడుగుతున్నారు. పైగా వాట్సాప్ గ్రూపులో "ఇంకా ఆరుగురు నింపలేదు" అని రోజూ మెసేజ్. నిజం రాయాలా, అంతా బాగుందని రాసేసి ఊరుకోవాలా అని మీ సందేహం.

ఆ మొదటి పేజీ అలాగే ఉంటే మీరు రాసే ప్రతి మాట కింద మీ సంతకం ఉన్నట్టే అనుకోండి. రాయొద్దని అనడం లేదు. సంతకం పెట్టి ఎంత రాయగలరో అంతే రాయండి అంటున్నాను. నేను 17 ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఇలాంటి సర్వే ఒకసారి నేను నింపాను, ఇంకోసారి నేనే నింపించాను. రెండు వైపులా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటిది పాత స్కూల్లో. అప్పుడు ఫామ్‌లూ లింకులూ లేవు, ఒక కాగితం ఇచ్చి, నింపి ఆఫీసు ముందున్న డబ్బాలో వేయమన్నారు. పేరు లేదు కదా అని నమ్మాను. మే నెలలో సగం జీతం ఇస్తూ, ఎండలో ఇంటింటికీ తిప్పి అడ్మిషన్లు తెమ్మనడం గురించి రాశాను, ఒక్కొక్కరికి ఇన్ని అడ్మిషన్లు అని టార్గెట్ పెట్టడం గురించి కూడా. నాకు తట్టని విషయం ఒకటుంది. టీచర్ చేతిరాత స్కూల్లో ఎవరికి తెలియదు? బోర్డు మీద అదే, పిల్లల నోట్సు మీద అదే, వారం వారం ఆఫీసులో ఇచ్చే లెసన్ ప్లాన్ మీద అదే. నాలుగు రోజుల తర్వాత స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు వరండాలో ఆపి, "మేడమ్, మీకు ఎండ పడకపోతే నాతో చెబితే సరిపోయేది కదా" అన్నారు, నవ్వుతూనే. జూన్‌లో టైంటేబుల్ ఇచ్చినప్పుడు చూస్తే నాకు పదో తరగతి లేదు. ఆరేళ్లుగా పదో తరగతికి చెబుతున్నదాన్ని, ఆరు, ఏడు తరగతులకు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. అడిగితే "అడ్జస్ట్‌మెంట్" అన్నారు. ప్రైవేట్ స్కూల్లో పదో తరగతి తీసేయడమంటే ఎంత శిక్షో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు వివరించనక్కర్లేదు.

వదిలేసి వెళ్లిపోదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. మన దగ్గర టీచర్ల భయానికి సగం కారణం అదే అని నేను అనుకుంటాను. డిగ్రీ, బీఈడీ కాగితాలు అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు, మీ అభిప్రాయం నిర్భయంగా చెప్పండి అంటే ఎవరు చెబుతారు? మరుసటి ఏడాది అదే కాగితం మళ్లీ ఇచ్చారు. ఈసారి అందరూ "బాగుంది, సంతృప్తిగా ఉంది" అని రాశారు, నాతో సహా. మన స్టాఫ్ అంతా ఎంతో ఆనందంగా ఉన్నారని మీటింగులో చదివి వినిపించారు. ఆ వేసవిలోనే ఏడుగురు మానేశారు.

రెండోది 2022లో. వేరే స్కూల్లో అకడమిక్ కోఆర్డినేటర్‌గా చేరాను, అక్కడ 28 మంది స్టాఫ్. సర్వే చేద్దామని యాజమాన్యం అంటే గూగుల్ ఫామ్ నేనే తయారుచేశాను. నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపేశాను, పేరు అడగలేదు. కానీ సమస్య ఏ విభాగంలో ఉందో తెలియాలని సబ్జెక్టు, సర్వీసు, ప్రైమరీయా హైస్కూలా అన్న మూడు ప్రశ్నలు పెట్టాను. మంచి ఉద్దేశంతోనే పెట్టాను. జవాబులన్నీ వచ్చాక షీటు తెరిచి చూస్తే నాకు చేతులు చల్లబడ్డాయి. హైస్కూల్లో హిందీ చెప్పేది ఒక్కరే. పీఈటీ (ఆటల టీచర్) ఒక్కరే. పదేళ్లు దాటిన లెక్కల సారు ఒక్కరే. పైగా జవాబు వచ్చిన తేదీ, టైము మొదటి కాలమ్‌లో వాటంతట అవే పడతాయి. మధ్యాహ్నం 2:20కి ఒక జవాబు వచ్చిందంటే ఆ పీరియడ్ ఎవరికి లీజరో (ఖాళీయో) నా వెనక గోడ మీద టైంటేబుల్‌లోనే ఉంది. ఎవరు రాశారో కనిపెట్టాలని నేను కూర్చోలేదు, కానీ చదువుతుంటే మనుషులు కళ్లముందు కనబడ్డారు. ఒకరు ఇలా రాశారు: "క్లాసుల్లో కుర్చీలు తీసేశారు, ఒంట్లో బాగోని రోజు కూడా ఏడు పీరియడ్లు నిలబడే చెబుతున్నాను, ఇంటికెళ్లాక కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుంటేగానీ నిద్ర పట్టదు." అది ఎవరి గొంతో నాకు తెలిసిపోయింది. ఇప్పటికీ ఆమెను చూస్తే ఆ వాక్యమే గుర్తొస్తుంది.

సాయంత్రానికి కరస్పాండెంట్ గారి నుంచి ఫోన్, "ఆ షీటు ఒకసారి నాకు పంపండి" అని. పంపలేదు. ఆ మూడు కాలమ్‌లూ, టైమూ తీసేసి, వరసలు కలిపేసి, రాసిన మాటలన్నీ నా భాషలో తిరగరాసి ఆ కాగితం ఇచ్చాను. ఎవరు రాశారో తెలిస్తే వాళ్లకు సాయం చేయొచ్చు కదా అన్నారాయన. ఆ మాట అబద్ధమని నేను అనను. కానీ పేరు తెలియదని మాటిచ్చి నింపించాను సార్, ఇప్పుడు ఇస్తే వచ్చే ఏడాది ఒక్కరూ రాయరు అన్నాను. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత హైస్కూలు క్లాసుల్లోకి కుర్చీలు వచ్చాయి. ప్రైమరీకి రాలేదు. మే నెల జీతం విషయం అసలు కదల్లేదు.

అక్కడ నాకు అర్థమైంది ఏమిటంటే, పేరు అసలు తెలియకపోవడం వేరు, తెలిసినా బయటపెట్టకపోవడం వేరు. నేను స్టాఫ్‌కు మొదటిది ఇచ్చానని చెప్పాను, నిజానికి నా చేతిలో ఉన్నది రెండోదే. ఆ రోజు నేను కాక ఇంకొకరు కోఆర్డినేటర్ అయ్యుంటే ఆ షీటు ఉన్నదున్నట్టు వెళ్లిపోయేది. ఉద్యోగుల సర్వేలు నడిపే కంపెనీలు మామూలుగా ఐదుగురి కన్నా తక్కువున్న గుంపు ఫలితాన్ని విడిగా చూపించవు, కారణం ఇదే. 31 మంది ఉన్న స్కూల్లో సబ్జెక్టు, సర్వీసు కలిపి అడిగితే దాదాపు ఏ గుంపులోనూ ఐదుగురు ఉండరు.

ఇక మీ ఫామ్ సంగతి. తెరిచినప్పుడు పైన మీ ఈమెయిల్ కనబడి, దాని పక్కనో కిందో అది షేర్ కాదని చూపిస్తుంటే మీ మెయిల్ వాళ్లకు వెళ్లదు. ఒక్కరు ఒకసారే నింపేలా పెడితే లాగిన్ అడుగుతుంది, అంతమాత్రాన మెయిల్ వాళ్లకు కనబడదు, దానికి భయపడకండి. మీ ఈమెయిల్ రికార్డు చేస్తామని రాసి టిక్ పెట్టమంటే మాత్రం ఏ జవాబు ఎవరిదో వాళ్లకు నేరుగా తెలుస్తుంది. ఫైలో ఫోటోనో అప్‌లోడ్ చేయమన్నా అంతే, మీ అకౌంట్ వివరాలు దాంతోపాటు వెళతాయి. లింకు గ్రూపులో కాకుండా విడివిడిగా పంపి ఉంటే మీ లింకూ పక్క టీచర్ లింకూ ఒకటేనా అని పోల్చి చూడండి, ముందే ఏదో నింపి మనిషికో లింకు తయారుచేయడం కష్టమేమీ కాదు. "ఆరుగురు నింపలేదు" అన్న మెసేజ్‌కు టెన్షన్ పడక్కర్లేదు. 31లోంచి వచ్చిన జవాబులు తీసేస్తే ఎవరికైనా ఆ లెక్క వస్తుంది. ఆ ఆరుగురి పేర్లు చెప్పారంటే మాత్రం ఆలోచించాల్సిందే. వీలైతే స్కూలు కంప్యూటర్లో, లీజర్ పీరియడ్‌లో కాకుండా రాత్రి ఇంటి దగ్గర ఫోన్‌లో నింపండి.

రాసేటప్పుడు మనల్ని పట్టించేది సంఘటన. "గత మంగళవారం 9బీలో సబ్‌స్టిట్యూషన్ (రాని టీచర్ బదులు క్లాసు) వేసినప్పుడు" అని రాస్తే అది మీరే. "వారంలో లీజర్లు దాదాపు అన్నీ సబ్‌స్టిట్యూషన్లకే పోతున్నాయి, నోట్సు కరెక్షన్ ఇంటికి మోసుకెళ్లాల్సి వస్తోంది" అని రాస్తే అది ఎవరైనా కావచ్చు, విషయం మాత్రం పూర్తిగా చేరుతుంది. స్టాఫ్‌రూమ్‌లో మీరు ఎప్పుడూ వాడే ఊతపదం ఉంటే తీసేయండి. అన్నిటికన్నా బలమైనది, నమ్మకమున్న పదిమంది కూర్చుని రెండే రెండు విషయాలు అనుకుని, ఎవరి మాటల్లో వాళ్లు అవే రాయడం. పదిమంది రాసినప్పుడు ఎవరు రాశారన్న ప్రశ్నకు విలువ పోతుంది. దీన్ని కుట్ర అనుకునేవాళ్లు ఉంటారు, నా దృష్టిలో కాదు.

కొన్ని విషయాలు మాత్రం ఎంత మంచి సర్వే అయినా అందులో రాసి ఎదురుచూడకండి. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, మీ జీతంలోంచి కోసిన డబ్బు జమ అవుతోందా లేదా అన్నది యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు)తో పాస్‌బుక్ తెరిచి మీరే చూసుకోవచ్చు, పడకపోతే ఫిర్యాదు పీఎఫ్ ఆఫీసుకే చేయాలి. ప్రైవేట్ స్కూలు టీచర్లకూ గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) ఇవ్వాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది, అది సూచనల కాలమ్‌లో అడుక్కునేది కాదు. లైంగిక వేధింపుల విషయమైతే మరీ ముఖ్యం. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టడాన్ని చట్టమే నిషేధించింది. పదిమంది కన్నా తక్కువుండి కమిటీ లేని చోటకీ, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడూ జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. పేరు లేని ఫామ్‌లో ఒక వాక్యం రాస్తే దాని మీద విచారణ జరగడం కష్టం, రాసినవాళ్లకు మాత్రం చెప్పేశాం కదా అనిపిస్తుంది. అలా మూడు నెలలు గడిచిపోవడం ఒకచోట చూశాను.

నేను కోఆర్డినేటర్‌గా ఉన్న స్కూల్లో రెండో ఏడాది మేం ఏం మార్చామో కూడా చెబుతాను, మీ కోఆర్డినేటర్‌కు పనికొస్తుంది. ఆ మూడు ప్రశ్నలున్న మొదటి పేజీ మొత్తం తీసేశాం. ఫామ్ స్కూలు అకౌంట్లో కాకుండా ఊళ్లో ఉండే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారి అకౌంట్లో పెట్టాం, ఆయనకు మా స్కూలుతో ఏ లావాదేవీ లేదు. షీటు ఆయన ఒక్కరే చూస్తారని, మాకు సారాంశమే వస్తుందని నింపడానికి ముందే మీటింగులో చెప్పాం. ఆ సారాంశాన్ని, అందులోని చేదు మాటలతో సహా, అందరి ముందు చదివారు. ఏది చేస్తామో, ఏది ఈ ఏడాది చేయలేమో, ఎందుకు చేయలేమో కరస్పాండెంట్ గారి చేతే చెప్పించాం. అది ఆయనకు సులువేం కాలేదు. మొదటి ఏడాది వివరంగా రాసినవాళ్లు తొమ్మిదిమంది, ఆ ఏడాది పందొమ్మిది. కుర్చీలు వచ్చినందుకే రాశామని తర్వాత ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు.

కాబట్టి మీరు ఇప్పుడే నింపకండి. మీ స్టాఫ్‌లో ఎక్కువ సర్వీసున్న, యాజమాన్యం గౌరవించే సారో మేడమో ఉంటారు కదా, వాళ్లతో కోఆర్డినేటర్‌ను విడిగా ఒక్కమాట అడిగించండి: "సబ్జెక్టు, సర్వీసు ప్రశ్నలు తీసేస్తే అందరూ ధైర్యంగా రాస్తారండీ" అని. గ్రూపులో వద్దు, అక్కడ అడిగితే అవతలివాళ్లు పట్టుదలకు పోతారు. తీసేస్తే పైన చెప్పినట్టు రాయండి. తీయకపోతే రేటింగులు మాత్రం నిజాయితీగా ఇచ్చి, రాసే బాక్సులు ఖాళీగా వదిలేయండి, "అంతా బాగుంది" అని మాత్రం రాయకండి. పాత స్కూల్లో మేం అలా రాసిన కాగితాన్నే మీటింగులో మాకే చదివి వినిపించారు.