సెల్లో మీద చెవి పెట్టు

చిట్టీ,

లైప్‌జిగ్‌లో కచేరీకి టికెట్ దొరికిందనీ, జర్మన్ స్వరకర్త బాఖ్ వాద్యబృందానికి రాసిన బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోల్లో మూడోదీ ఐదోదీ వాయిస్తారనీ చెప్పావు. "ముందే ఏమైనా చదువుకోవాలా మామయ్యా, నిద్రొస్తుందేమో" అని టెన్షన్ కూడా పడ్డావు. ఏమీ చదవక్కర్లేదు. నిద్రంటావా, మొదటిసారి నేను గురక కూడా పెట్టానని మీ అత్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మన చెవికి ఒక అలవాటుంది. త్యాగరాజ కృతైనా సినిమా పాటైనా, పాట ఎక్కడుంటే చెవి అక్కడికే పోతుంది. నేనూ ఇక్కడికొచ్చిన కొత్తలో పై పాట వాయించే ఫస్ట్ వయోలిన్‌ని పట్టుకుని కూర్చునేవాణ్ణి. బాగానే ఉండేది కానీ, పది నిమిషాలయ్యేసరికి అన్నీ ఒకేలా వినిపించేవి. ఒకసారి చర్చిలో స్తంభం వెనక సీటొచ్చింది. సెల్లో (పెద్ద వయోలిన్‌లా ఉండి, కింది స్వరాలు పలికే వాద్యం) వాయించే ఆవిడా, పక్కన సగం హార్ప్సికార్డూ (పియానోలాంటి పాత వాద్యం) తప్ప ఇంకేం కనపడలేదు. తిట్టుకుంటూ వేరే దారి లేక ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, నడిపిస్తున్నది ఆవిడేనని. ఆవిడ ఒక స్వరం కిందికి దిగితే పైన వయోలిన్ల రంగు మారిపోతోంది. పైన అదే స్వరం నిలబడి ఉన్నా, కింద స్వరం మారగానే అది ఇంకోలా వినిపిస్తోంది. అందుకే చెబుతున్నా, కిందనుంచి విను.

ఆ కింది వరసకి హార్ప్సికార్డ్ తోడుంటుంది. ఆ కాలంలో దాన్ని వాయించేవాళ్ళకి చాలావరకు ఒక్క కింది స్వరాలూ, వాటి దగ్గర కొన్ని అంకెలూ మాత్రమే రాసిచ్చేవాళ్ళు. ఏ స్వరాలు కలపాలో అంకె చెబుతుంది, వాటిని ఎలా పరచాలన్నది వాయించేవాళ్ళ చేతిలో పని. మెట్టు నొక్కితే లోపల ఈక మొన తీగని మీటుతుంది, మన వీణ మీటినట్టే. పియానోలాగా గట్టిగా నొక్కితే గట్టిగా మోగదు. వెనక వరసలో కూర్చుంటే అసలు వినపడకపోవచ్చు, అందుకని ఇంకోసారి టికెట్ కొన్నప్పుడు డబ్బులు చూసుకోకుండా ముందు సీటే తీసుకో.

బాఖ్ కాలపు పద్ధతిలో వాయించే బృందమైతే తీగలు గొర్రె పేగుతో చేసినవి ఉంటాయి. శ్రుతి కూడా ఇప్పటి 440 హెర్ట్జ్ కాకుండా 415 దగ్గర, అర స్వరం కిందికి పెడతారు. హాల్లో వేడికీ తేమకీ పేగు తీగలు జారుతూ ఉంటాయి కాబట్టి మధ్యమధ్యలో ఆగి శ్రుతి చేసుకుంటారు. విసుక్కోకు. మన కచేరీల్లో మృదంగం సరిచేసుకోవడం చూసినదానివే కదా.

మూడోదాంట్లో మూడు వయోలిన్లు, మూడు వియోలాలు (వయోలిన్ కంటే కాస్త పెద్దవి), మూడు సెల్లోలు, వీటికి తోడు కింది వరస. ఒక చిన్న ముక్క పుట్టి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి చేతులు మారుతూ పోతుంది. అది ఎవరి దగ్గరుందో కళ్ళతో వెతుకు. రెండో భాగానికి వచ్చేసరికి బాఖ్ రాసింది రెండే రెండు స్వరాల కలయికలు. కొందరు వాటి ముందు చిన్న సోలో కల్పించి వాయిస్తారు, కొందరు ఆ రెండూ వాయించి మూడో భాగంలోకి దూకుతారు. నేను కాగితం ఎక్కడో పోయిందనుకుని, పాపం అని చప్పట్లు కొట్టాను. హాల్లో నేనొక్కణ్ణే.

ఐదోదాంట్లో ఫ్లూట్, వయోలిన్ ముందుంటాయి. హార్ప్సికార్డ్ మామూలుగా వెనకే ఉంటుందనుకుంటాం కదా, మొదటి భాగం చివరికొచ్చేసరికి తక్కినవాళ్ళంతా ఒక్కొక్కరే తప్పుకుంటారు, అది దాదాపు మూడు నిమిషాలు ఒంటరిగా పరిగెడుతుంది. ఈ కాన్సర్టోలను బాఖ్ 1721లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువుకి అంకితమిచ్చాడు. బృందంలో అంతవరకూ ఎక్కువగా పక్కవాద్యంగా ఉన్న హార్ప్సికార్డ్‌ని ఇలా కుర్చీ ఎక్కించడం ఆ రోజుల్లో చిన్న ధైర్యం కాదు. అప్పుడు పక్కవాళ్ళ మొహాలు చూడు, వయోలిన్ కమాను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళు కూడా వింటూ ఉంటారు.

చప్పట్లు మాత్రం కమానులు పూర్తిగా కిందికి దిగాకే. అయినా తప్పు జరిగితే సిగ్గుపడకు. నువ్వు వినబోయే ఆ లైప్‌జిగ్‌లోనే 1729 నుంచి బాఖ్ కుర్రవాళ్ళ బృందంతో జిమ్మర్‌మాన్ కాఫీ హోటల్లో కచేరీలు నడిపాడు. కాఫీ తాగుతూ విన్నవాళ్ళు మనంత బిగుసుకుని కూర్చుని ఉంటారనుకోను.

సీటు నంబరు ఫోటో పంపు. హాలు మ్యాపు నా దగ్గరుంది. స్తంభం వెనకైతే మార్చమని అడక్కు.

మామయ్య